కల్లంలో లెన్సు

జక్రయ్యకు బాప్తిస్మం తీసుకోవాలన్న బుద్ధి డెబ్బయ్యో ఏట పుట్టింది. అంతకుముందు భార్య వీరమ్మ చెప్పి చూసింది, పాస్టరు కరుణాకర్ గారు చెప్పి చూశారు. కాలువలో నీళ్ళుంటే చలి అనేవాడు, చలి తగ్గితే మిరప కోతలు అనేవాడు, కోతలు అయిపోయాక ఇంకా కాలువలో నీళ్ళెక్కడివి అనేవాడు. అలాంటి మనిషి ఈ ఫిబ్రవరిలో తనంతట తానే వెళ్ళి "ఈ ఆదివారం నన్నూ ముంచండయ్యా" అని పాస్టరు గారిని అడిగాడు. పేటంతా సాగర్ కాలువ రేవుకు కదిలిందంటే కదలదా మరి.

ఫోటోలు తీయడానికి మహిమ వచ్చింది. పిడుగురాళ్ల చుట్టుపక్కల పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ కెమెరా పట్టుకుని తిరిగే ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆడపిల్లకు కెమెరా ఏమిటని మొదట్లో నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం మానేశారు గానీ, పిలవడం మాత్రం ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు. పేటవాళ్ళు పిలుస్తారు. ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు టౌను నుంచి స్టూడియోవాళ్ళను రప్పించుకుంటారు.

పాస్టరు గారు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. గట్టు మీద పాట అందుకున్నారు. మహిమకు అక్కడి నుంచి పాస్టరు గారి తెల్లచొక్కా వీపు తప్ప జక్రయ్య ముఖం కనబడటం లేదు. అదే ఫోటో రేపు చూపిస్తే, ఇది పాస్టరు గారి బాప్తిస్మమా అని వీరమ్మ అడిగినా అడుగుతుంది. అందుకని చున్నీ నడుముకు బిగించి, కెమెరా పట్టీ మెళ్ళో వేసుకుని, పాచి పట్టిన మెట్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ మోకాలి లోతుకు దిగింది. జక్రయ్య మునిగాడు. లేచాడు. నెత్తి మీది నుంచి నీళ్ళు కారుతుంటే కళ్ళు మూసుకుని నవ్వాడు. మహిమ నొక్కుతూనే ఉంది. పాస్టరు గారు తర్వాతి మనిషిని అందుకోవడానికి అటు తిరిగారు.

ఆపైన ఏం జరిగిందో ఆమెకు వరసగా గుర్తులేదు. కాళ్ళ కింద మెట్టు లేదు. ముక్కులోకి నీళ్ళు పోయాయి. చేతికి ఒక చెయ్యి దొరికితే దాన్ని వదలకుండా పట్టుకుంది. మళ్ళీ మొహానికి గాలి తగిలేసరికి తనూ జక్రయ్యా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్ల మీద చతికిలబడి దగ్గుతున్నారు. గట్టు మీద పాట ఆగిపోయింది.

"నా కాలు జారిందయ్యా," అన్నాడు జక్రయ్య, దగ్గు మధ్యలోనే, అందరికీ వినబడేట్టు. "ఈ పిల్ల పట్టుకోకపోతే కాలవలో పోయేవాణ్ణి."

అలాగే అయ్యుంటుందని మహిమ అనుకుంది. ఆయనను పట్టుకోబోయి తనూ పడి ఉంటుంది. చేతిలో ఆయన చెయ్యి ఉన్నమాట నిజమే కదా.

వీరమ్మ చీర తడుస్తున్నా లెక్కచేయకుండా నీళ్ళలోకి దిగివచ్చి మహిమను గట్టిగా కావలించుకుంది. "నా తల్లే, నా బంగారు తల్లే" అని తల నిమురుతూనే ఉంది. ఆ కౌగిట్లోనే మహిమ చెయ్యి కెమెరా అడుగుకు పోయింది. మూత తీసి బ్యాటరీ లాగేసింది. ఒక్కసారి ఆన్ చేసి చూస్తే బతికిందో లేదో తెలుస్తుంది గదా అని ప్రాణం పీకింది. చేయలేదు. కార్డు తీసింది, లెన్సు ఊడదీసింది. లెన్సు లోపలి నుంచి కాలువ నీళ్ళు మందు సీసాలోంచి కారినట్టు కారాయి.

గట్టు మీది సంచీలోంచి ఫోను తీసి నల్లపాడులో కెమెరాలు బాగుచేసే షానవాజ్‌కు చేసింది.

"ఆన్ చేశావా?" అదే ఆయన మొదటి మాట.

"లేదన్నా."

"మంచి పని చేశావు. పైపైన మెత్తటి గుడ్డతో తుడువు. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. ఎన్ని దొరికితే అన్ని. ఎండలో పెట్టబాకు. డ్రయ్యరు పెట్టబాకు. బియ్యంలో అసలే పెట్టబాకు, తవుడంతా లోపలికి పోద్ది. నేను పెళ్ళి పని మీద ఒంగోల్లో ఉన్నా. గురువారం షాపు తీస్తా, పట్టుకురా. అప్పటిదాకా దాన్ని గెలకబాకు."

సాయంత్రానికి ఇంకో ఫోను వచ్చింది. కోటిరత్నం గారు. కాలువ కట్ట పక్కన మిరప కల్లం ఆవిడదే. వీరమ్మ, జక్రయ్య పనిచేసేది అందులోనే.

"అమ్మాయ్ మహిమా, వచ్చే ఆదివారం మా భవ్య ఓణీల ఫంక్షన్. మావాళ్ళు గుంటూరు నుంచి స్టూడియోవాళ్ళని పిలుద్దామన్నారు. నేనే వద్దన్నా. కాలవలో కొట్టుకుపోయే మనిషిని పట్టి లాగిన పిల్ల, మన పిల్ల ఫోటోలు తియ్యలేదా అన్నా. వస్తావా?"

"వస్తానండి," అంది మహిమ. ఫోను పెట్టేశాక గానీ తన దగ్గర ఉన్నది తడి కెమెరా అని గుర్తుకు రాలేదు. ఆ ఇంట్లో ఒక్క ఫంక్షన్ తీస్తే ఆ వీధంతా పిలుస్తుంది. తీయలేకపోతే ఆ వీధి ఇంకెప్పటికీ పిలవదు.

సోమవారం పొద్దున్నుంచి మహిమ ఇంటికి వైద్యులు రావడం మొదలైంది. అక్కడివాళ్ళందరూ ఏదో ఒకటి ఆరబెట్టుకుని బతికేవాళ్ళే. మిరపకాయో, పత్తో, పొగాకో. తడిసినదాన్ని ఏంచేయాలో ఒకరు చెబితే వినే రకాలు కారు. బియ్యం మూటతో ఒకావిడ వచ్చింది. పక్కింటి ఏసుబాబు పత్తి తీయించి పెట్టిన గదికి రమ్మన్నాడు, పత్తి కుప్పలో పూడ్చిపెడితే చెమ్మంతా తెల్లారేసరికి లాగేస్తుందట. బ్యూటీపార్లరు పిల్ల డ్రయ్యరు పట్టుకొచ్చింది. బియ్యంలో వద్దు, ఎండలో వద్దని మహిమ అందరికీ దండం పెట్టింది. వాళ్ళమ్మ, మహిమ అక్కకు పురుడని దాచేపల్లి వెళ్ళింది గానీ, ఉండుంటే ఆవిడా ఒక వైద్యం చెప్పేదే.

"మరి ఏం కావాలో చెప్పి చావరాదే," అంది వీరమ్మ.

"కొత్త చెప్పుల డబ్బాల్లో, బ్యాగుల్లో చిన్న తెల్ల పొట్లాలుంటాయి చూడు పెద్దమ్మా. తినకూడదని ఇంగ్లీషులో రాసుంటది. అవి కావాలి."

మధ్యాహ్నానికి పేటలో ట్రంకుపెట్టెలన్నీ తెరుచుకున్నాయి. పెళ్ళి చెప్పుల పెట్టెలు, ఎప్పుడో కొన్న హ్యాండుబ్యాగులు, చర్చికి తెచ్చిన కొత్త మైకు అట్టపెట్టె, అన్నిట్లోంచీ పొట్లాలు వచ్చాయి. ఒకావిడ కొడుకు బూట్లలో ఇంకా ఉందేమోనని చెయ్యి పెట్టి వెతికిందట. వీరమ్మ జక్రయ్య బీపీ మాత్రల సీసాలోంచి కూడా ఒకటి తీసుకొచ్చింది. కొన్ని పొట్లాలు ఏళ్ళ తరబడి మూలన పడి వాటికవే చెమ్మ పీల్చుకుని ఉన్నాయి. మహిమ వాటిని కత్తిరించి పూసలు మూకుడులో పోసింది. సన్న సెగ మీద వీరమ్మ ఆవాలు వేయించినంత జాగ్రత్తగా అట్లకాడతో కలుపుతూ కూర్చుంది. చల్లారాక పలచటి గుడ్డలో మూటలు కట్టి డబ్బాలో కెమెరా చుట్టూ పేర్చారు. మూత పెట్టి పైన టేపు అంటించారు.

ఇంతమంది తన కెమెరా కోసం తిరగడం మహిమ ఎన్నడూ ఎరగదు. ఒక మనిషిని నీళ్ళలోంచి లాగితే ఇంత ప్రేమ వస్తుందా అనుకుంది. కొంచెం గర్వపడింది కూడా.

బుధవారం పిడుగురాళ్ల స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే పని పడింది. మహిమ తాళం చెవి వీరమ్మకిచ్చి, "డబ్బా మీద ఒక కన్నేసి ఉంచు పెద్దమ్మా, పిల్లలు ముట్టుకోకుండా" అని చెప్పి వెళ్ళింది.

వీరమ్మ ఒక కన్ను కాదు, రెండు కళ్ళూ వేసింది. పది గంటలప్పుడు వచ్చి చూస్తే డబ్బా మూత లోపల సన్నగా ఆవిరి పట్టి ఉంది. చెమ్మ ఉన్న కాయను మూత పెడితే ఏమవుతుందో ఆ కల్లాల్లో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. రెండు రోజుల్లో బూజు పడుతుంది, కాయ తెల్లబడి తాలు అవుతుంది, ఇంక దాన్ని అడిగే నాథుడుండడు. ఈ పిల్ల చదువుకుంది గానీ ఆరబెట్టడం తెలియదు పాపం అనుకుంది. టేపు పీకేసి, అన్నీ కొంగులో జాగ్రత్తగా మూటగట్టుకుని కల్లానికి తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం మహిమ ఆటో దిగి తాళం వేసిన ఇల్లు చూసి కల్లానికి నడిచింది. ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడవాళ్ళు కాళ్ళతో వాటిని తిరగేస్తూ నడుస్తున్నారు. నడిచినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఆ కాయల నడుమ, పట్టా మీద, జూమ్ లెన్సు అద్దం సూర్యుడికేసి పెట్టి నిలబడి ఉంది. వీరమ్మ వంగి దాన్ని రెండో వైపుకు తిప్పుతోంది.

మహిమ పరిగెత్తి లెన్సు చేతిలోకి తీసుకుంది. కాలుతోంది. రింగు తిప్పితే కరకరమంది. అద్దం లోపల పొగ పట్టినట్టుంది. సందుల్లో ఎర్రటి పొడి, ఒక మిరప గింజ.

"కెమెరా ఏది?"

"అదుగో, ఆ మంచం కింద నీడలో పెట్టానే. నల్లది గదా, కాలిపోద్దని పాత చీర చుట్టి పెట్టా. మూత లోపల చెమట పట్టింది. అట్లాగే ఉంచితే బూజు పడుద్దని..."

"ఇదేమన్నా మిరపకాయా పెద్దమ్మా?" మహిమ గొంతు పెరిగింది. కాయలు తిరగేసేవాళ్ళు ఆగిపోయారు. "ఎండలో పెట్టద్దని ఎన్నిసార్లు చెప్పా? ఆదివారం నేను ఏం పట్టుకుని వెళ్ళాలి? నీ మొగుణ్ణి కాలవలోంచి లాగినందుకా నాకిది?"

వీరమ్మ ముఖం చిన్నదైపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. కొంచెం దూరంలో జక్రయ్య గోతాం మూతి దబ్బనంతో కుడుతున్నాడు. ఆ మాటకు దబ్బనం ఆగింది. తలెత్తి మహిమను చూశాడు. ఏదో అనబోయి, మళ్ళీ కుట్టుకోవడంలో పడ్డాడు.

"తప్పయిందే," అంది వీరమ్మ చివరికి.

మహిమ మంచం కిందనుంచి కెమెరా తీసుకుని వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున పిడుగురాళ్లలో రైలెక్కి నల్లపాడులో దిగింది. స్టేషను రోడ్డులో షానవాజ్ షాపు అప్పుడే తెరిచాడు. ముందు లెన్సు అందుకుని రింగు విప్పాడు, వరసగా తుమ్మాడు.

"ఇది లెన్సా, కారప్పొడి డబ్బానా?"

మహిమ జరిగింది చెప్పింది. ఆయన నవ్వాపుకుంటూ పక్కన పెట్టేశాడు. "దీన్ని మర్చిపో. లోపల జిగురు కరిగి అద్దాలు కదిలాయి. నీ దగ్గర చిన్న లెన్సు ఇంకోటి ఉండాలిగా?"

"ఉందన్నా. జూమ్ లేనిది. ఆ రోజు ఇంట్లో ఉంది."

తర్వాత కెమెరా విప్పాడు. సన్న స్క్రూలన్నీ అయస్కాంతం మీద వరసగా పెట్టాడు. లోపల ఒక మూల సన్నటి ఒండ్రు గీత ఎండిపోయి ఉంది. మెత్తటి బ్రష్షు మందులో ముంచి ఆ గీతను తుడిచాడు. దీపం దగ్గరగా లాగి, ఊపిరి బిగబట్టి, బ్యాటరీ తగిలే చోటుకు పట్టిన పచ్చటి పొర గీకాడు. మళ్ళీ తుడిచాడు. చిన్న ఫ్యాను ముందు ఆరనిచ్చి బిగించాడు. తన దగ్గరి మంచి బ్యాటరీ వేసి, కెమెరా మహిమకు ఇచ్చాడు.

"నువ్వే ఆన్ చెయ్యి."

మహిమ కళ్ళు మూసుకుని నొక్కింది. తెర వెలిగింది. ఆమె కౌంటరు మీద తల ఆనించి కొంతసేపు అలాగే ఉండిపోయింది. దేవుడికి చెప్పిందో, పొట్లాలిచ్చిన వాళ్ళందరికీ చెప్పిందో, మనసులో మాత్రం చాలాసార్లు చెప్పుకుంది.

"డబ్బాలో పెట్టబట్టి బతికింది," అన్నాడు షానవాజ్. "కార్డు కూడా చూద్దాం పట్టు."

కంప్యూటరులో ఫోటోలు తెరుచుకున్నాయి. రేవు, పాట పాడేవాళ్ళు, జక్రయ్య మునగడం, లేవడం, ఆ నవ్వు. ఆ తర్వాతి ఫోటోలో జక్రయ్య కళ్ళు తెరిచి ఉన్నాయి. నేరుగా ఇటే చూస్తున్నాడు. తర్వాతిది వంకరగా వచ్చింది, కాలువ గట్టు ఒక పక్కకు ఒరిగిపోయింది. అందులో జక్రయ్య నడుం లోతు నీళ్ళలో నిటారుగా నిలబడి, నోరు తెరిచి, ఇటుకేసి అడుగు వేస్తున్నాడు. ఇంకోదాంట్లో ఆయన చాచిన చెయ్యి, వెనక ఆకాశం. అంతే.

"ఈ పెద్దాయనెవరో గానీ," అన్నాడు షానవాజ్ మామూలుగా, "నువ్వు జారడం భలే కనిపెట్టాడు. పట్టుకోడానికి వచ్చేస్తున్నాడు చూడు."

మహిమ చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. జారింది ఆయన కాదు. కొట్టుకుపోవలసింది ఆయన కాదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కల్లంలో అంతమంది ముందు వీరమ్మను అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

సాయంత్రం జక్రయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చుట్ట కోసం తడుముకుంటున్నాడు. బాప్తిస్మం అయ్యాక చుట్ట మానేశాడు గానీ చెయ్యి ఇంకా మానలేదు. వీరమ్మ నీళ్ళకు వెళ్ళింది.

"పెదనాన్నా, ఆ రోజు జారింది నేను."

జక్రయ్య తడుముకోవడం ఆపాడు. "ఎవరు చెప్పారు?"

"ఫోటోలో నువ్వే ఉన్నావు. నా కోసం వస్తూ. ఎందుకట్లా చెప్పావు?"

"మరేమని చెప్పమంటావు? ఫోటోలు తీసే పిల్ల కాలవలో పడిందంటే రేపు నిన్నెవరు పిలుస్తారు? ఆడపిల్లకి ఇయ్యన్నీ ఎందుకంటారు. అదే ముసలోడు జారాడంటే ఎవరూ ఏమనరు. ముసలోళ్ళు జారతానే ఉంటారు."

మహిమ ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పుడు అందరికీ చెప్తానంటావేమో, చెప్పబాకు. కోటిరత్నమ్మ గారు ఆ మాట పట్టుకునే నిన్ను పిలిచింది. పైగా ముంచిన నిమిషంలోనే అబద్ధమాడానని తెలిస్తే పాస్టరు గారు నన్ను మళ్ళీ ముంచుతాడు. ఆ చలి ఇంకోసారి నావల్ల కాదమ్మా."

మహిమ నవ్వింది, కళ్ళ నీళ్ళతోనే నవ్వింది. అయితే మాట మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారం కల్లంలో కాయలు నింపి బస్తాలు తొక్కుతున్నారు. కోటిరత్నం గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వీరమ్మ ఒక పక్క గోతాం మీద కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. మహిమను చూసి తలెత్తలేదు. మహిమ అందరి మధ్యకూ వచ్చి నిలబడింది. చెప్పకుండా ఊరుకుంటే ఆదివారం పని ఉంటుంది, ఆ వీధిలో పేరుంటుంది. మొన్న అన్న మాట కూడా అలాగే ఉండిపోతుంది.

"ఆదివారం కాలవలో జారింది నేనండి," అంది. "జక్రయ్య పెదనాన్న కాదు. ఆయనే నన్ను బయటికి లాగాడు. నాకు చెడ్డపేరు రాకూడదని ఆయన మీద వేసుకున్నాడు. నిన్నటిదాకా నాక్కూడా తెలియదు."

బస్తా తొక్కే మనిషి తొక్కడం ఆపాడు. జక్రయ్య దబ్బనం చేత్తో పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. కోటిరత్నం గారు మహిమను తేరిపార చూశారు.

"కెమెరా పనిచేస్తుందా?"

"చేస్తుందండి. కాకపోతే దూరం నుంచి తీసే లెన్సు పోయింది. ఉన్నదాంతో తియ్యాలంటే బాగా దగ్గరికి రావాలి. లోపలి గదిలోకి కూడా రావాల్సొస్తది."

కోటిరత్నం గారు కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు. పేట నుంచి వచ్చినవాళ్ళు ఆవిడ ఇంట్లో వసారా దాటడం ఎవరూ చూడలేదు.

"దగ్గరికి రాకుండా ఫోటో ఎట్లా తీస్తావులే," అన్నారు. "పూలజడ వేసేటప్పటి నుంచీ తియ్యాలి, పెందరాళే రా. మా ఇంట్లో కాలవ లేదు, భయపడబాకు."

ఆడవాళ్ళు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. "పాస్టరు గారికి మాత్రం ఎవరూ చెప్పబాకండమ్మా," అన్నాడు జక్రయ్య. ఆ నవ్వు ఇంకా పెద్దదైంది. బస్తా తొక్కే మనిషి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

మహిమ వెళ్ళి వీరమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "పెద్దమ్మా, మొన్న నేనన్న మాట..."

"నాకు ముందే తెల్సులేవే," అంది వీరమ్మ, ఏరడం ఆపకుండా.

"ఏం తెలుసు?"

"ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన ముంజేతి మీద నీ గోళ్ళు దిగి ఉన్నాయి. కొట్టుకుపోయేవాళ్ళ గోళ్ళే అట్లా దిగుతాయి. నేనే మందు రాశా."

"తెలిసీ నేను అంత మాటంటే పడ్డావా? అందరి ముందూ?"

"పాపం ఆయన ముచ్చటపడి ఆడిన అబద్ధం. నేనెందుకు చెడగొట్టాలి?"

"మరి నేను ఆయన్ని లాగలేదని తెలిసి కూడా ఎందుకు పెద్దమ్మా ఇంత చేశావు? ఆ పొట్లాలు ఏరడం, వేయించడం, ఆ లెన్సు ఎత్తుకొచ్చి..."

వీరమ్మ ఈసారి తలెత్తింది. ఇలాంటివి కూడా అడుగుతారా అన్నట్టు చూసింది.

"నువ్వు బతికొచ్చావు. నీళ్ళ పాలయింది ఆ కెమెరా ఒక్కటే గదా. అది కూడా ఎండితే బాగుండు అనుకున్నా."

వీరమ్మ పక్కకు జరిగి గోతాం మీద చోటు చేసింది. మహిమ ఆమెను ఆనుకుని కూర్చుని తాలు కాయలు ఏరడం మొదలుపెట్టింది.